ఆరబోసిన ధాన్యం మీద కొత్త అల్లుడి నడక

గోదావరి డెల్టాలో రోడ్లు వాహనాల కోసం వేశారన్న అపోహ ఒకటి చాలాకాలంగా వ్యాపించి ఉంది. బండి జారి, మోచెయ్యి చెక్కుకుపోయి, కాంపౌండరు ముందు బల్ల మీద కూర్చున్నవాడెవడిని చూసినా ఈ అపోహకు బలైనవాడే. మా వైపు రోడ్డంటే ధాన్యం ఆరడానికి, కొబ్బరి డొక్కలు ఎండడానికి, గేదెలు సాయంత్రం తీరుబడిగా ఇల్లు చేరడానికి, చేపల లారీలు ఒంట్లోని నీరు కాస్త దించుకోవడానికి ప్రభుత్వం తారు పోసి ఇచ్చిన ఉమ్మడి పెరడు. మోటారు సైకిలు ఆ పెరట్లోకి పిలవని పేరంటానికి వచ్చిన చుట్టం. చుట్టం చుట్టంలా మెలిగితే ఎవరికీ ఇబ్బంది లేదు. ఇల్లు నాదే అన్నట్టు దూసుకొచ్చినప్పుడే పేచీ వస్తుంది.

ముందుగా ధాన్యం సంగతి చూద్దాం, ఎందుకంటే పెరట్లో పెద్దపీట దానిదే. తేమ 17 శాతం దాటితే కొనుగోలు కేంద్రంలో ధాన్యం తీసుకోరు. కోత యంత్రం చేలోంచి నేరుగా ట్రాక్టరులోకి దించిన గింజలో తేమ సాధారణంగా అంతకు మించే ఉంటుంది. పూర్వం పనలు ఆరాక కుప్ప వేసి, నూర్చి, కళ్లంలో ఎండబోసేవారు. ఆ కళ్లాలు కొన్ని రొయ్యల చెరువులయ్యాయి, కొన్ని ఇళ్ల స్థలాలయ్యాయి. ఇక విశాలంగా, నల్లగా, ఎండకు పెనంలా కాగుతూ మిగిలిన నేల రోడ్డొక్కటే. అందుచేత సార్వా (వానాకాలం పంట) కోతలప్పుడు ఒకసారి, దాళ్వా (రెండో పంట) కోతలప్పుడు మరోసారి సగం రోడ్డు బంగారు రంగుకు తిరుగుతుంది. అంచు వెంబడి వరుసగా రాళ్లు పేరుస్తారు. చీకటి పడితే దాని మీద నల్ల బరకం కప్పి, అది ఎగిరిపోకుండా మరికొన్ని రాళ్లు పెడతారు. తారు నలుపు, బరకం నలుపు, రాత్రి నలుపు; ఈ మూడు నలుపుల మధ్య తేడా కనిపెట్టే బాధ్యత మాత్రం మన హెడ్‌లైటుకు అప్పగిస్తారు. రైతును తప్పుపట్టడానికి నాకు నోరు రాదు. వాన మబ్బు కనిపించిన పూట ఆ గింజ తడిస్తే అతని ఏడాది కష్టం మొలకెత్తుతుంది. నేను పడితే మోకాలి చిప్ప మాత్రమే పోతుంది.

పడ్డాను కూడా. అమలాపురం దాటిన తర్వాత ఒక కాలువ గట్టు రోడ్డు మీద, మధ్యాహ్నం పూట, గంటకు 30 కిలోమీటర్లు కూడా దాటని వేగంలో. మలుపు తిరగగానే ఎదురుగా పసుపు పచ్చని పరుపు కనిపించింది. నా కుడి చేతి వేళ్లు నాలుగూ నన్ను అడగకుండానే ముందు బ్రేకు పిడిని గుప్పిట పట్టేశాయి. ఆ తర్వాత జరిగిందంతా నాకు చాలా నెమ్మదిగా గుర్తుంది. హ్యాండిలు ఉన్నట్టుండి బరువు లేనిదైపోయింది. టైరుకూ తారుకూ మధ్య గింజలు బేరింగు గుండ్లలా దొర్లుతున్న చప్పుడు, అటుకులు దంచుతున్నట్టు, సన్నగా వినిపించింది. అంతలో నేను ధాన్యంలో బోర్లా పడి ఉన్నాను. చొక్కా జేబు నిండా వడ్లు ఉన్నాయి. బండి ఎడమ ఇండికేటరు ముక్కలై ఎటో పోయింది. చెక్కతో ధాన్యం తిరగేస్తున్న పెద్దాయన పరుగున వచ్చి, నన్ను కాక నా కింద ఉన్నదాన్ని పరీక్షగా చూసి, ఎంతో మర్యాదగా ఇలా అన్నాడు: "ఆయ్, తమరు పడ్డారు సరేనండి. లేచేటప్పుడు మాత్రం కాస్త ఇటేపు లేవండి బాబూ, అటేపు లేస్తే గింజలు కాలవలోకి పోతాయండి."

ఆ మర్యాదే నాకు జ్ఞానోదయం కలిగించింది. జారుడు నేల మీద బండి నడపడానికి కావలసింది ధైర్యం కాదు, నైపుణ్యం కూడా తర్వాతి మాట. ముందు కావలసింది తొలి సంక్రాంతికి అత్తవారింటికి వచ్చిన కొత్త అల్లుడి నడవడిక. ఆయన ఏ పనీ చటుక్కున చేయడు. చాప కింద మరదళ్లు అప్పడాలు పెట్టి ఉంటారన్న అనుమానంతో పరచిన ప్రతిదాన్నీ దూరం నుంచే చూసుకుని, అక్కడికి చేరకముందే అడుగు నెమ్మది చేస్తాడు. మోటారు సైకిలు మీద కూడా బ్రేకు వేయవలసింది ధాన్యానికి ముందున్న పొడి తారు మీద. ధాన్యం మీదకు చేరాక ఇక వేయడానికి ఏమీ మిగిలి ఉండకూడదు. అక్కడ బండిని నిటారుగా నిలిపి, ముందే ఎంచుకున్న గేరులో, యాక్సిలరేటరు పెంచకుండా తుంచకుండా, చేతులు బిగించక మోకాళ్లతో ట్యాంకును పట్టుకుని, తల ఎత్తి అవతలి ఒడ్డును చూస్తూ తిన్నగా దాటిపోవాలి. కళ్లు నేలనున్న రాయిని చూస్తే బండి ఆ రాయి దగ్గరికే పోతుంది; అల్లుడి చూపు అరిసెల పళ్లెం మీద పడితే చెయ్యి ఎటు పోతుందో అందరికీ తెలిసిందే.

బ్రేకుల విషయంలో బంధుత్వాలు ఇంకా స్పష్టంగా తెలుసుకోవాలి. ముందు బ్రేకు మావగారి వంటిది. పొడి రోడ్డు మీద బండిని ఆపే భారంలో ఎక్కువ వంతు మోసేది ఆయనే, కానీ అడగవలసిన పద్ధతిలో, రెండు వేళ్లతో, మెల్లమెల్లగా అడగాలి. గుప్పిట పట్టి అడిగితే చక్రం బిగుసుకుపోతుంది. బిగుసుకున్న మరుక్షణం వదిలేసి క్షమాపణ చెప్పుకోవడం తప్ప దారి లేదు. వెనక బ్రేకు బావమరిది వంటిది. అతనితో తగువు వచ్చి బండి తోక ఒక పక్కకు తిరిగినప్పుడు, సంబంధాన్ని పుటుక్కున తెంచుకోకూడదు. అడ్డంగా జారుతున్న చక్రానికి ఒక్కసారిగా పట్టు దొరికితే బండి ఎదురు తిరిగి మనిషిని గాలిలోకి విసురుతుంది. గేరు దింపి క్లచ్చిని ఠక్కున వదిలినా బావమరిదికి అంతే కోపం వస్తుంది.

ఈ మర్యాదలన్నీ చాదస్తమనుకునే యువకులకు కాస్త లెక్క చెబుతాను. గంటకు 40 కిలోమీటర్ల వేగమంటే సెకనుకు 11 మీటర్లు. మంచి పొడి తారు మీద బ్రేకు పట్టిన చోటి నుంచి ఆ బండి దాదాపు 9 మీటర్లలో ఆగుతుంది. జారుడు వల్ల పట్టు మూడో వంతుకు పడిపోతే అదే బండికి 27 మీటర్లు కావాలి. వేగం రెట్టింపైతే ఈ దూరం నాలుగింతలవుతుంది. మా గట్టు రోడ్లకు ఒక పక్క కాలువ, మరో పక్క పంట బోదె ఉంటాయి కనుక, ఆ మిగతా మీటర్లు నీళ్లలో పూర్తి చేయవలసి వస్తుంది. ఏ పక్క నీళ్లన్నది ఎన్నుకునే స్వేచ్ఛ మాత్రం పడేవాడిదే.

ధాన్యం లేని రోజుల్లో రోడ్డు ఖాళీగా ఉంటుందని ఎవరూ భ్రమపడనవసరం లేదు. ఊడ్పుల కాలంలో ట్రాక్టర్లు చేను దున్ని బురద చేసే దమ్ము చక్రాలకు పట్టిన ఒండ్రుమట్టిని చేలోంచి రోడ్డు మీదకు మోసుకొచ్చి, గడ్డలు గడ్డలుగా దానం చేసుకుంటూ పోతాయి. ఎండలో ఆ గడ్డ రాయి; నాలుగు చినుకులు పడితే వెన్న. టైరు గాళ్లలో ఆ మట్టి కూరుకుపోయిందంటే కొత్త టైరూ అరిగిపోయిన టైరూ సమానమే. భీమవరం, ఉండి, ఆకివీడు వైపు వెళ్లేవారు చేపల లారీల వెనక కాస్త ఎడంగా ఉండాలి. ఐసు కరిగిన నీళ్లూ చేపల జిగురూ కలిసిన ఆ తీర్థం రోడ్డు పొడుగునా సమంగా పడదు. లారీ బ్రేకు వేసిన చోట, అంటే సరిగ్గా మలుపుల్లోనూ, స్పీడు బ్రేకర్ల దగ్గరా, రైలు గేట్ల దగ్గరా కుమ్మరించినట్టు పడుతుంది. మనమూ అక్కడే బ్రేకు వేస్తాము. కోనసీమ లోపలి ఊళ్లలో కొబ్బరి తోటల నీడన ఎండ పొడ తగలని సిమెంటు రోడ్ల మీద పచ్చటి పాచి పడుతుంది. అది చూడడానికి ఎంత చల్లగా ఉంటుందో చెప్పనలవి కాదు.

సఖినేటిపల్లి రేవులో పంటు, అంటే మనుషులనూ బండ్లనూ ఏరు దాటించే పడవ, ఎక్కినవారికి ఇవన్నీ చిన్న విషయాలు. గోదావరి పాయ వశిష్ఠ అక్కడ సముద్రానికి దగ్గర; పోటు వచ్చినప్పుడు ఒక వాలు, పాటు తీసినప్పుడు మరో వాలు. నీరు తీసిన వేళ రేవు వాలు మీద అప్పుడే కడిగిన చేప పొట్టలా మెరిసే బురద బయటపడుతుంది. దాని మీదుగా దిగి తడి ఇనప రేకు ఎక్కాలి. ముందున్నవాడు ఆగితే వెనకవాళ్లందరూ ఆగాలి, ఆగాలంటే కాలు ఆనించాలి, ఆనించిన కాలు అవతలి ఒడ్డునున్న నరసాపురం వైపు ప్రయాణం మొదలుపెడుతుంది. ముందున్న బండి పూర్తిగా ఎక్కేదాకా గట్టునే నిలబడి ఉంటే ఈ చిక్కేదీ లేదు, కానీ గట్టున నిలబడినవాడిని వెనకవాడు హారనుతో బతకనివ్వడు.

అన్నిటికన్నా వింతైనది మనవాళ్లు తొలివానకు చూపే గౌరవం. చాలా రోజులు ఎండ కాశాక పడే మొదటి చినుకులు రోడ్డు మీద పేరుకున్న ఆయిలునూ దుమ్మునూ తడిపి ముద్ద చేస్తాయి. ఆ మొదటి పావుగంటే రోడ్డు అత్యంత ప్రమాదకరంగా జారే వేళ. గట్టి వాన కాసేపు కడిగితే కొంత నయమవుతుంది. మనం చేసేది సరిగ్గా దీనికి వ్యతిరేకం. చినుకు పడగానే తడవకుండా ఇల్లు చేరాలని వేగం పెంచుతాము. రోడ్డు శుభ్రంగా కడిగి సిద్ధం చేసేసరికి బండి ఆపి చింతచెట్టు కింద నిలబడతాము.

ప్రభుత్వం తన వంతు చేయలేదని ఎవరూ అనలేరు. 2019 ఏప్రిల్ నాటికి 125 సీసీ దాటిన కొత్త బండ్లన్నిటికీ ఏబీఎస్‌ను, ఆ లోపు వాటికి రెండు బ్రేకులూ కలిసి పనిచేసే సీబీఎస్‌ను తప్పనిసరి చేసింది. ఏబీఎస్ చక్రం బిగుసుకోకుండా చూస్తుందే తప్ప వడ్ల మీద లేని పట్టును పుట్టించలేదు, మలుపులో వాలిన బండిని లేవదీయనూ లేదు. హెల్మెట్ లేకుంటే 1,000 రూపాయల జరిమానా అన్నది కూడా 2019 సవరణే. ఆ చట్టాన్ని గౌరవించి మావాళ్లు హెల్మెట్‌ను ఎన్నడూ ఇంట్లో వదలరు. మోచేతికి తగిలించుకుని వెళతారు. పడినప్పుడు ముందుగా నేలకు తగిలేది మోచెయ్యే కనుక అందులో దూరదృష్టి లేదనలేము.

లోటు ఉన్నదల్లా లైసెన్సు పరీక్షలోనే. పొడి నేల మీద, ఎవరూ లేని మైదానంలో ఎనిమిది అంకె చుట్టి చూపించమనడం డెల్టాకు ఏ విధంగానూ పనికిరాదు. నా ప్రతిపాదన వినమ్రంగా సమర్పిస్తున్నాను. సగం మైదానంలో పది బస్తాల ధాన్యం పరవాలి. మిగతా సగం దమ్ము చక్రాలతో ఒకసారి తొక్కించి పైన నీళ్లు చిలకరించాలి. అభ్యర్థి వెనక సీటులో గొడుగు విప్పుకుని, ఒళ్లో పాల క్యాను పెట్టుకుని, రెండు కాళ్లూ ఒకే పక్కకు వేసి, "నెమ్మదిగా పోరా, నెమ్మదిగా" అనే మేనత్తను కూర్చోబెట్టాలి. గింజ చెదరకుండా, మేనత్త మాట ఆగకుండా దాటినవాడికే లైసెన్సు. ధాన్యం ఎటూ ఆరాలి కనుక ప్రభుత్వానికి ఖర్చు కూడా ఉండదు.

ఈ వ్యాసం ముగించే ముందు ఆ గట్టు రోడ్డు మీదే మళ్లీ వెళ్లాను, ఈసారి అల్లుడిలాగే. ధాన్యం ఎత్తేశారు, రాళ్లు మాత్రం వరుస చెదరకుండా వచ్చే పంట కోసం ఎదురుచూస్తున్నాయి. పెద్దాయన నన్ను గుర్తుపట్టి, ఆపి, పంచె మడతలోంచి నారింజ రంగు ప్లాస్టిక్ ముక్క ఒకటి తీశాడు. అది నా ఇండికేటరు. బస్తాలో కలిసిపోయి మిల్లు దాకా వెళ్లి వచ్చిందట.

"దీన్ని చూపించి, సరుకులో చెత్త ఉందని బస్తాకి కేజీ తరుగు తీశాడండి," అన్నాడు. తర్వాత నా బండిని ఒకసారి కిందకీ పైకీ చూసి, "అవునండీ బాబూ, రెండోది బాగానే ఉందా?" అని అడిగాడు.