పడకకు లెక్క ఉంది, నర్సు జీతానికి లేదు

చెన్నైలోని పెద్ద ప్రైవేటు ఆసుపత్రుల్లో తెలుగు రోగులు ఎంత సాధారణమో తెలుగు నర్సులూ అంతే సాధారణం. నెల్లూరు, తిరుపతి, చిత్తూరుల నుంచి మాధవరం బస్టాండులోనో సెంట్రల్ స్టేషన్లోనో దిగి గ్రీమ్స్ రోడ్డుకో పోరూరుకో చేరే కుటుంబాలకు డాక్టరు చెప్పిన మాట విడమరిచేది, సంతకం పెట్టాల్సిన కాగితంలో ఏముందో వివరించేది చాలాసార్లు ఆ నర్సులే. ఈ దుబాసీ పనికి ఎలాగూ విడిగా జీతం లేదు. అసలు పనికి ఇచ్చే జీతమైనా న్యాయంగా ఉందా అన్నది మా ప్రశ్న.

న్యాయమైన జీతం ఎంతో తేల్చే ప్రయత్నం ఎప్పుడో జరిగింది. ట్రెయిన్డ్ నర్సెస్ అసోసియేషన్ పిటిషన్‌పై 2016 జనవరి 29న సుప్రీంకోర్టు ఇచ్చిన ఆదేశంతో కేంద్రం నిపుణుల కమిటీని నియమించింది. 200 పడకలు దాటిన ప్రైవేటు ఆసుపత్రిలో నర్సుకు ఆ రాష్ట్ర ప్రభుత్వ నర్సుతో సమానంగా, 100 పైబడిన చోట పది శాతానికి మించని తేడాతో, 50 పైబడిన చోట 25 శాతానికి మించని తేడాతో జీతం ఉండాలని, అంతకంటే చిన్న ఆసుపత్రిలోనూ నెలకు 20,000 రూపాయలకు తగ్గరాదని కమిటీ సిఫారసు చేసింది. అమలు బాధ్యత రాష్ట్రాలకు వదిలేశారు. కేరళ 2018లో, అదీ నర్సుల పోరాటాల తర్వాత, కనీస వేతనాలను సవరిస్తూ ఉత్తర్వు ఇచ్చింది. తమిళనాడులో కొలబద్ద కావలసిన ప్రభుత్వ రంగమే వంకరగా ఉంది. 2015 నుంచి కాంట్రాక్టు పద్ధతిలో తీసుకున్న నర్సులకు ఇక్కడి ప్రభుత్వం మొదట ఇచ్చింది నెలకు 7,700 రూపాయలు. 2017 నవంబరులో వారు చెన్నై తేనాంపేటలోని వైద్య సేవల డైరెక్టరేట్ (డీఎంఎస్) ఆవరణలో బైఠాయించాకే ఆ సంగతి చాలామందికి తెలిసింది. ప్రభుత్వ నర్సుతో సమానమంటే ఏ నర్సుతో సమానమని యాజమాన్యాలు అడిగితే జవాబు చెప్పడం కష్టమే.

నర్సుల కొరత ఉందని ఆసుపత్రులే అంటాయి. కొరత ఉన్నచోట జీతం పెరగాలి కదా! పెరగకపోవడానికి ముఖ్య కారణం అనుభవ ధ్రువపత్రం. గల్ఫ్‌కు గాని, బ్రిటన్‌కు గాని వెళ్లాలనుకునే అమ్మాయికి సాధారణంగా పేరున్న ఆసుపత్రిలో ఒకటి రెండేళ్ల అనుభవం కావాలి. ఆ కాగితం కోసం ఆమె తక్కువ జీతానికి ఒప్పుకుంటుంది. అంటే జీతంలో కొంత భాగాన్ని ఆసుపత్రి కాగితం రూపంలో చెల్లిస్తోంది. ఆమె వెళ్లగానే నర్సింగ్ డిప్లొమా (జీఎన్‌ఎం), బీఎస్సీ నర్సింగ్ పూర్తి చేసిన కొత్త బ్యాచ్ వస్తుంది. కొన్నిచోట్ల బాండు, ఒరిజినల్ సర్టిఫికెట్లు దగ్గర పెట్టుకోవడం, హాస్టల్ పేరిట కోతలు అదనం. విదేశాలకు వెళ్లే ఆలోచన లేక, పిల్లలతో ఇక్కడే స్థిరపడి పదిహేనేళ్లుగా వార్డు నడిపిస్తున్న నర్సుకు మాత్రం ఈ ఏర్పాటులో దక్కేదేమీ లేదు.

జీతాలు పెంచితే ఆ భారం రోగి బిల్లుపైనే పడుతుందన్నది యాజమాన్యాల వాదన. లెక్క వేసి చూద్దాం. జనరల్ వార్డులో ఐదుగురు రోగులకు ఒక నర్సు చొప్పున మూడు షిఫ్టులకు, సెలవుల కోసం 30 శాతం అదనంతో చూసినా పడకకు ఒక నర్సు కూడా పూర్తిగా అవసరం కాదు. ఒక్కో నర్సుకు నెలకు 10,000 రూపాయలు పెంచితే పడకపై పడే అదనపు భారం రోజుకు సుమారు 260 రూపాయలు. రోగికో నర్సు ఉండాల్సిన ఐసీయూలో అది 1,300. స్టాక్ మార్కెట్లో నమోదైన పెద్ద ఆసుపత్రి సంస్థలు నిండిన ఒక్కో పడకపై రోజుకు సగటు రాబడి ఎంతో మదుపరులకు క్రమం తప్పకుండా చెబుతాయి. కొన్నింటిలో అది 50,000 దాటింది. నర్సు సగటు జీతాన్ని మాత్రం అదే పట్టికలో చూపరు.

ఈ వ్యవహారం తమిళనాడుకే పరిమితమని ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం తప్పుకోలేదు. 2019 నవంబరు నుంచి హైదరాబాద్, బెంగళూరు, చెన్నైలలోని ఎంపిక చేసిన ఆసుపత్రుల్లో 716 సూపర్ స్పెషాలిటీ చికిత్సలకు ఆరోగ్యశ్రీని వర్తింపజేసి, ఇక్కడి ఆసుపత్రులకు తానూ ఒక కొనుగోలుదారు అయింది. ఆ పథకం ఇప్పుడు ఎన్టీఆర్ వైద్య సేవ. డబ్బు చెల్లించేవారికి షరతు పెట్టే హక్కు ఉంటుంది. నెట్‌వర్క్ ఆసుపత్రిగా కొనసాగాలంటే 2016 సిఫారసుల మేరకు జీతాలు ఇస్తున్నట్లు బ్యాంకు చెల్లింపుల ఆధారంతో చూపాలని ఒప్పందంలో చేర్చడానికి కొత్త చట్టం అక్కర్లేదు.

అయితే ఇదే పథకం కింద బకాయిలు పేరుకుపోయాయని ఆసుపత్రులు సేవలు ఆపిన సందర్భాలున్నాయి. ముప్పై పడకల నర్సింగ్ హోముకు ఆ ఆలస్యం ప్రాణాంతకం. దాని పరిస్థితిని కార్పొరేటు సంస్థతో కలిపి చూడటం తగదు. కాబట్టి షరతును ముందుగా 200 పడకలు దాటిన ఆసుపత్రులకే వర్తింపజేసి, అదే ఒప్పందంలో ప్రభుత్వం కూడా బిల్లుల చెల్లింపునకు గడువు రాసివ్వాలి. గడువు దాటితే వడ్డీ చెల్లించాలి.