మేడ మీద తేనెపెట్టె: ఐదోసారి వచ్చిన సందేశానికి జవాబు

ఈ వారంలో ఇది ఐదోసారి. "మేడ మీద తేనెపెట్టె పెట్టండి, ఏడాదంతా తేనె తినండి" అనే సందేశం. పంపినవాళ్లలో ఇద్దరికి నేను తేనెటీగలు పెంచుతానని తెలుసు. అయినా "నీకు పనికొస్తుంది" అని ఒక ముక్క జతచేసి మరీ పంపారు. పనికొచ్చింది, ఇది రాయడానికి.

"పెట్టె పెట్టి మరిచిపోండి, తేనె తీసేటప్పుడు తెరిస్తే చాలు" అట. లోపల చోటు చాలకపోతే కూలి ఈగలు కొత్త రాణిని పెంచడం మొదలుపెడతాయి. గుడ్డు పెట్టిన ఎనిమిది తొమ్మిది రోజులకు ఆ రాణిగదికి మూత పడుతుంది. ఇంచుమించు అప్పుడే పాత రాణి సగం ఈగలను వెంటబెట్టుకుని ఎగిరిపోతుంది. అందుకే పూలకాలంలో వారానికోసారి, ఈగలు పట్టు కట్టుకునే చట్రాలను పైకి తీసి చూసుకోవాలి. ఆ గుంపు పక్కింటి చూరుకు వేలాడిన రోజున దించడానికి ఈ సందేశం రాసినాయన రాడు.

పది పూలకుండీలు చాలన్నారు. మేతకు రెండు మూడు కిలోమీటర్లు తిరిగే ఈగలకు అవి ఏ మూలకు? చక్కెర నీళ్లు పోస్తే తేనె రెట్టింపన్నారు. రెట్టింపయ్యేది చక్కెర పాకం. ఈగలు పోతే మనిషికి నాలుగేళ్లేనని ఐన్‌స్టీన్ అన్నాడట. అన్నట్టు ఆధారం లేదు. వరికీ గోధుమకూ తేనెటీగతో పని లేదు కూడా.

ఇంతవరకు నవ్వుకున్నాను. ఐదో సూత్రం దగ్గర నవ్వు ఆగిపోయింది: "నెలకు నాలుగుసార్లు కావాలని కుట్టించుకోండి, పిల్లలకూ అలవాటు చేయండి, ఇక ఏమీ కాదు. ముల్లును ఐదు నిమిషాలు కదిలించకండి."

చాలామందికి మంట, వాపు, దురదతో పోతుంది. నాకూ అంతే. కొందరి ఒళ్లు మాత్రం ఆ విషాన్ని గుర్తుపెట్టుకుని, ఆ తరువాత ఎప్పుడో కుట్టినప్పుడు విరుచుకుపడుతుంది. ఒళ్లంతా దద్దుర్లు, గొంతు బిగుసుకోవడం, ఆయాసం, రక్తపోటు పడిపోవడం, అన్నీ నిమిషాల్లోనే. అప్పుడు కావలసింది ఎపినెఫ్రిన్ ఇంజెక్షన్, ఆసుపత్రి. మన పిల్లవాడి ఒళ్లు ఏ రకమో కుట్టించి తెలుసుకుందామనడం కొరివితో తల గోక్కోవడమే. విషానికి ఒంటిని అలవాటు చేసే వైద్యం లేకపోలేదు. అలర్జీ వైద్యులు అతి చిన్న మోతాదుతో మొదలుపెట్టి, పక్కన మందులు సిద్ధంగా ఉంచుకుని, ఏళ్ల తరబడి చేస్తారు. తేనెటీగ మోతాదు కొలిచి కుట్టదు.

ఇక ఆ ఐదు నిమిషాల సంగతి. ముల్లుతోపాటు ఊడివచ్చిన సంచి విషాన్ని లోపలికి దించుతూనే ఉంటుంది. గీకుతారో లాగుతారో, వెంటనే తీసేయండి. పైగా అక్కడ అరటిపండు వాసనలాంటిది వస్తుంది. మిగతా ఈగలకు అది "ఇక్కడ కుట్టండి" అనే పిలుపు. పెట్టె తెరిచేటప్పుడు మేం పొగ పట్టడంలో ఒక ఉద్దేశం ఆ వాసనను కప్పేయడం. సరిగ్గా అక్కడే ఐదు నిమిషాలు నిలబడమంటున్నాడు మహానుభావుడు!

చివరి సూత్రం, "ఒకటి కాదు, రెండు పెట్టెలతో మొదలుపెట్టండి." పెట్టెలు అమ్ముకునేవాడి మాటే అనుకున్నాను. కానీ ఒప్పుకోక తప్పదు, ఇది నిజం. మొదటి ఏడాది నాకు ఒక్క పెట్టే ఉండేది. రాణి పోయిందని నేను గమనించేసరికి లోపల ఒక్క గుడ్డు లేదు, లేత పురుగూ లేదు. కొత్త రాణిని దేనితో చేసుకుంటాయి? రెండో పెట్టె ఉండి ఉంటే గుడ్లున్న చట్రం ఒకటి తెచ్చి పెట్టేవాణ్ని. కొన్ని వారాలకు కూలి ఈగలే గుడ్లు పెట్టాయి, వాటి నుంచి వచ్చినవన్నీ పోతుటీగలే. ఆ పెట్టె నిలవలేదు.

ఆ ఒక్క వాక్యం ఉంచి మిగతాది చెరిపేసి పంపండి. ఆరోసారి వచ్చినా ఏమీ అనను.