ట్యూబు ఫొటో అడగొద్దు

మా బామ్మర్దికి మోచేతుల మీద సోరియాసిస్ మొదలైంది, అదే, మచ్చలు పడి పొలుసులు లేచే చర్మవ్యాధి. ఫోన్ ఎత్తగానే వాడన్న మొదటి మాట, "బావా, నువ్వు రాసుకునే ట్యూబు ఫొటో పెట్టు." పెట్టలేదు. వాడు అలిగాడు, ఇంట్లో నాకు చీవాట్లు పడ్డాయి. అందుకే ఇదంతా రాస్తున్నా.

పదకొండేళ్ల కింద నేనూ ఇలాగే తొందరపడ్డా. దిల్‌సుఖ్‌నగర్‌లో ఒక మెడికల్ షాపు కుర్రాడు నా మోచెయ్యి చూసి, "అన్నా, ఇది స్ట్రాంగ్ ఉంటది, వారంల సాఫ్ అయితది" అని క్లోబెటసాల్ అనే ఘాటైన స్టెరాయిడ్ క్రీము చేతిలో పెట్టాడు. సాఫ్ అయ్యింది కూడా. ఆపిన మూడు వారాలకి మళ్లీ లేచింది, ఈసారి ఇంకాస్త వెడల్పుగా. మళ్లీ రాశా. గజ్జల్లో వచ్చిన మచ్చకీ అదే రాశా. అక్కడ చర్మం పల్చబడి చారలు పడ్డాయి. మచ్చ పోయింది, చారలు మాత్రం నాతోనే ఉన్నాయి. 2018లో కేంద్రం 14 రకాల స్టెరాయిడ్ పూతమందుల్ని షెడ్యూల్ హెచ్‌లో చేర్చింది, అంటే డాక్టర్ చీటీ లేకుండా అమ్మకూడదు. నన్ను ఆ చీటీ అడిగిన షాపు ఇంతవరకూ తగల్లేదు.

స్టెరాయిడ్‌ని తిడుతున్నాననుకోకండి. మంట మీదుండగా దాన్ని మించి త్వరగా తగ్గించే పూత లేదు. కానీ క్లోబెటసాల్ లాంటిదానికి రెండు వారాలు దాటొద్దు, వారానికి 50 గ్రాములు మించొద్దు అనే లెక్కలున్నాయి.

కాల్సిపోట్రియాల్ సంగతి వేరు. అది విటమిన్ డి జాతి పూతమందు, చర్మాన్ని పల్చన చెయ్యదు. కాకపోతే నత్తనడక. మొదట్లో కాస్త చురుక్కుమంటుంది, అసలు ఫలితం కనబడడానికి ఎనిమిది వారాలు పట్టొచ్చు. మనవాళ్లు పదో రోజుకే "ఇది పనిచెయ్యట్లేదు" అని మూలన పడేసి మళ్లీ షాపు కుర్రాడి దగ్గరికి పోతారు. నాకైతే కుదిరింది రెండూ కలిసిన మందు: బీటామెథసోన్ అనే స్టెరాయిడ్, కాల్సిపోట్రియాల్. రోజుకోసారి నాలుగు వారాలు, తర్వాత డాక్టర్ చెప్పినట్టు వారానికి రెండు రోజులు. ఒక్కటి గుర్తుపెట్టుకోండి, పొలుసు ఊడడానికి వాడే శాలిసిలిక్ యాసిడ్‌ని దీని మీద పూస్తే కాల్సిపోట్రియాల్ చచ్చుబడిపోతుంది.

కోల్‌తార్, అంటే బొగ్గు నుంచి తీసే తారు మందు, అదీ వాడా. పనిచేస్తుంది గానీ, కొత్తగా వేసిన రోడ్డు పక్కన పడుకున్నట్టుంటుంది వాసన. దిండు గలీబు పసుపెక్కి అమ్మ చేత మాటలు పడ్డా. ఇప్పుడది తలకి, షాంపూగా మాత్రమే. ముఖానికీ చర్మం మడతలకీ డాక్టర్ టాక్రోలిమస్ అనే స్టెరాయిడ్ కాని పూత రాశారు. 2022లో అమెరికాలో టాపినరాఫ్, రోఫ్లుమిలాస్ట్ అని స్టెరాయిడ్ కాని క్రీములు రెండు ఆమోదం పొందాయి. నేను వాడలేదు, కాబట్టి వాటి గురించి కబుర్లు చెప్పను.

అసలు నాకు మండేది ఎంత రాయాలో ఎవరూ చెప్పకపోవడం. చీటీ మీద "రాత్రికి" అని ఒక్క ముక్క, అంతే. 15 గ్రాముల ట్యూబు నాకు మూడు నెలలొచ్చేది, పొదుపు అనుకుని మురిసిపోయేవాణ్ని. తర్వాత ఒక డాక్టరమ్మ నా చూపుడువేలు పట్టుకుని, కొస నుంచి మొదటి గీత దాకా క్రీము పిండి చూపించారు. అది అర గ్రాము. వేళ్లతో సహా రెండు అరచేతులంత చోటుకి సరిపోతుంది. నా మచ్చలన్నీ కలిపితే నాలుగు అరచేతులు, అంటే రోజుకి ఒక గ్రాము. ఆ ట్యూబు పదిహేను రోజులకే అయిపోవాలి! ఇన్నాళ్లూ నేను మందు రాయలేదు, వాసన చూపించానంతే.

ఇప్పుడు ప్రతి ట్యూబు మూత మీద మార్కర్‌తో మొదలుపెట్టిన తేదీ వేస్తున్నా. స్నానం కాగానే తడి మీద మాయిశ్చరైజర్, చలికాలం రెండుసార్లు. అమ్మ కొబ్బరినూనె అన్నా కాదనను, పొలుసు మెత్తబడుతుంది.

బామ్మర్దీ, ఫొటో మాత్రం పెట్టను. నీ మచ్చలు ఎక్కడున్నాయో, ఎంత మందమో నాకేం తెలుసు? ఉస్మానియాలో స్కిన్ ఓపీ ఉంది. సోమవారం పొద్దున్నే రెడీగా ఉండు, బండి మీద నేనే తీసుకుపోతా.