తెలుగుకి ఇంగ్లీషు ప్యాకేజీ పద్ధతి సరిపోదండి

ఇంట్లో చదివించే పిల్లలకి రీడింగ్, స్పెల్లింగ్, గ్రామర్ అన్నీ ఉన్న ఇంగ్లీషు ప్యాకేజీ ఒకటి కొనేసి, తెలుగుకీ అదే పద్ధతి పెట్టుకోమని కొందరు సలహా ఇస్తుంటారు కదా, మాది అమలాపురం దగ్గర పల్లెటూరండి, మేమూ అలాగే చేసి చూశాం, ఇంగ్లీషుకి పర్లేదు గానీ తెలుగు దగ్గర మా బాబు రెండు నెలలు నలిగిపోయాడు. ఇంగ్లీషులో స్పెల్లింగులు బట్టీ పట్టాలి, మనం దాదాపు పలికినట్టే రాస్తాం, మన పిల్లలు ఆగిపోయేది గుణింతాల దగ్గర, ఒత్తుల దగ్గర. మావాడు ఓ రోజు "పంటు ఎకాం" అని రాశాడు (పంటు అంటే మా వైపు గోదారి దాటించే పెద్ద పడవ), పైకి చదవమంటే చదివి, ఆగి, తనే కింద క ఒత్తు పెట్టుకున్నాడండి. ఆ రోజే వర్క్‌బుక్ పక్కన పెట్టేశాను. ఇప్పుడు వాళ్ళ నానమ్మ చీపురుకి ఈనెలు తీస్తా చెప్పే కబుర్లే పాఠం, వాడు రాస్తాడు, నేను రోజుకి రెండు తప్పులే దిద్దుతాను. "గోదారి" అని రాస్తే మాత్రం కొట్టెయ్యను, పక్కన "గోదావరి" అని కూడా రాయిస్తాను, రెండూ వాడివే కదా. చదవడానికి ప్రథమ్ బుక్స్ వాళ్ళ వెబ్‌సైట్ స్టోరీవీవర్‌లో తెలుగు కథలు ఉచితం, 1 నుంచి 4 లెవెల్స్ ఉంటాయి, వయసు చూడకుండా పిల్లాడు తడబడకుండా చదివే లెవెల్ నుంచి మొదలెట్టండి. పరీక్షల గురించి కంగారు పడేవాళ్ళకి, బడికి వెళ్ళకుండానే పరీక్షలు రాయించే జాతీయ ఓపెన్ స్కూలింగ్ సంస్థ ఎన్‌ఐఓఎస్‌లో తెలుగు ఉంది, పదో తరగతికి 14 ఏళ్ళు నిండాలి, ఈలోపు బోలెడు టైముందండి.