మాత్ర మారిన రాత్రి

విజయనగరంలో అయ్యకోనేరు గట్టుకు దగ్గరలో ఉండే మా బావగారికి జబ్బులంటే భయమని వీధిలో అందరూ అనుకుంటారు గాని, దగ్గర నుంచి చూస్తున్నవాళ్ళం గనుక అది భయం కాదనీ, ఒక రకమైన ఆపేక్ష అనీ మాకు తెలుసు. ఈ దసరా ముందు ఆయన ఆపేక్ష కార్టిసోల్ అనే హార్మోను మీదికి మళ్ళింది. అది శరీరంలో చాలాకాలం మితిమీరి ఉంటే మొహం గుండ్రబడుతుందనీ, మెడ వెనుక కొవ్వు చేరుతుందనీ, కాళ్ళూ చేతులూ సన్నబడి పొట్ట మాత్రం పెరుగుతుందనీ, ఆ పొట్ట మీద ఊదారంగు చారలు పడతాయనీ, ఇటువంటి రోగిని హార్వే కుషింగ్ అనే అమెరికా వైద్యుడు 1912లోనే వర్ణించాడనీ ఫోనులో చదివి, బీరువా అద్దం ముందు చొక్కా పైకెత్తి చాలాసేపు నిలబడ్డారు. చారలు కనబడలేదు. "ఇంకా తొలిదశ కదా" అని తృప్తిపడ్డారు.

ఆయన పనిచేసే చోట అప్పుడే ఆడిట్ జరుగుతోంది. అందువల్ల ఇంట్లో మా అందరికీ టిఫిన్‌తోపాటు పాఠం కూడా వడ్డన అయ్యేది. ఆడిటర్ గొంతు వినబడగానే మెదడులోని హైపోథాలమస్ పీయూష గ్రంథికీ, అది మూత్రపిండాల పైన కూర్చున్న అధివృక్క గ్రంథులకూ కబురు చేస్తాయట. అక్కడ పుట్టిన కార్టిసోల్ కాలేయం చేత చక్కెర తయారు చేయించి రక్తంలోకి వదిలిస్తుందట. అవసరమైతే అందుకు కండల్లోని మాంసకృత్తులను కూడా కరిగిస్తుందట. రోగనిరోధక శక్తిని కాస్త ఆగమంటుందట. ఎదురుగా ఉన్నది పులో, పోయిన వోచరో దానికి తెలియదట. ఇంతవరకూ ఆయన చెప్పినవన్నీ నిజమే. అయితే ఈ హార్మోను తెల్లవారుజామునుంచే పెరుగుతూ, నిద్ర లేచిన అరగంట, ముప్పావుగంటకు పతాకస్థాయికి చేరి, అర్ధరాత్రికి అట్టడుగుకు దిగుతుందని చెప్పినప్పుడు, మా అక్క పెనం మీద అట్టు తిరగేస్తూ, "తెల్లవారుజామునుంచీ అంత హడావిడి చేస్తుంటే, మీరు ఎనిమిదింటిదాకా మంచం దిగరేమండీ?" అని అడిగింది. దానికి సమాధానం ఫోనులో దొరకలేదు.

చివరికి ఒక డాక్టరుగారు, పాపం ఎంతసేపని వింటారు, పరీక్ష రాసి ఇచ్చారు. శరీరమే సొంతంగా కార్టిసోల్‌ను అతిగా తయారుచేసే జబ్బు ఏడాదికి పది లక్షల మందిలో కొద్దిమందికి మాత్రమే కొత్తగా వస్తుందనీ, ఈ లక్షణాలు కనబడేవాళ్ళలో ఎక్కువమందికి అవి స్టెరాయిడ్ మందుల వల్ల వస్తాయనీ ముందే చెప్పారట. పరీక్ష పద్ధతి ఇది: రాత్రి పదకొండుకు ఒక మిల్లీగ్రాము డెక్సామెథాసోన్ మాత్ర వేసుకోవాలి, మరునాడు ఉదయం ఎనిమిదింటికి రక్తం ఇవ్వాలి. ఆ మందు కార్టిసోల్ వంటిదే గనుక, సరుకు దండిగా ఉందని నమ్మి పీయూష గ్రంథి కబుర్లు ఆపేస్తుంది. తెల్లారేసరికి ఆరోగ్యవంతుడి రక్తంలో కార్టిసోల్ డెసిలీటరుకు 1.8 మైక్రోగ్రాముల లోపుకు పడిపోతుంది. పడకపోతే అనుమానించాలి.

అక్క ఆ రాత్రి రెండు స్టీలు మూతలు తీసి, ఒకదానిలో బావగారి డెక్సామెథాసోన్, మరొకదానిలో తుమ్ముల కోసం అత్తయ్యగారు రోజూ వేసుకునే సెట్రిజిన్ పెట్టి, రెండూ చిన్న తెల్లటి మాత్రలే కావటం వల్ల ఏది ఎవరిదో ఇద్దరికీ నోటితో చెప్పి పడుకుంది. తొమ్మిదిన్నరకు సీరియల్ అయిపోగానే అత్తయ్యగారు కళ్ళజోడు వెతుక్కోకుండా చేతికి అందినది వేసుకున్నారు. పదకొండుకు అలారం పెట్టుకుని లేచిన బావగారు మిగిలినది భక్తిగా మింగారు.

మరునాడు ఉదయం ఆయన, ఇంత గాఢంగా నిద్రపోయి ఎన్నేళ్ళయిందో అంటూ ఆవలిస్తూ రక్తం ఇచ్చి వచ్చారు. రిపోర్టులో అంకె 14 అని ఉంది. పక్కనే ముద్రించిన సాధారణ పరిమితి 5 నుంచి 25 వరకూ ఉండటంతో, ఆరోగ్యం బాగున్నందుకు కొంచెం చిన్నబుచ్చుకుంటూనే డాక్టరుగారి దగ్గరికి వెళ్ళారు. మాత్ర వేసుకున్నాక ఆ పరిమితి వర్తించదనీ, 14 అంటే ఎక్కువేననీ, 24 గంటల మూత్రం, అర్ధరాత్రి లాలాజలం కూడా పరీక్షించవలసి రావచ్చనీ ఆయన అన్నారు. "మాత్ర వేసుకున్నారు కదా?" అని రెండుసార్లు అడిగారు కూడా. బావగారు పైడితల్లి అమ్మవారి మీద ఒట్టు వేశారు. ఎంతకాలంగానో కోరుకున్న జబ్బు గుమ్మంలోకి వచ్చి నిలబడేసరికి ఆయనకు చెమటలు పట్టాయి, గుండె దడదడలాడింది. ఇది అడ్రినలిన్ అనే మరో హార్మోను పని, క్షణాల్లో జరుగుతుంది. కార్టిసోల్ మాత్రం పెళ్ళి అయిపోయాక వచ్చిన బాజాల మేళంలా, ఇరవై ముప్ఫై నిమిషాలకు గాని పూర్తి స్థాయికి చేరదు కాబట్టి, అది వచ్చేసరికి ఆయన ఇంట్లో మంచం మీద పడుకుని వీలునామా గురించి మాట్లాడుతున్నారు.

వీలునామా వినటానికి అత్తయ్యగారు ఇంట్లో లేరు. రెండేళ్ళుగా గుమ్మం దిగటానికి కూడా ఒకరి చెయ్యి పట్టుకునే మనిషి, ఆ పూట ఒంటరిగా మూడు లాంతర్ల దగ్గర పైడితల్లి గుడిదాకా నడిచివెళ్ళి, కొబ్బరి చిప్పతో తిరిగివచ్చారు. రాత్రంతా కన్ను మూతపడలేదనీ, అయినా మోకాళ్ళు తేలికపడ్డాయనీ, ఒక్క తుమ్మైనా రాలేదనీ ఆనందంగా చెప్పారు. ఆ రాత్రి అక్క ఇచ్చిన సెట్రిజిన్‌ను వేసుకుని, తెల్లారేసరికి మళ్ళీ మోకాళ్ళు పట్టుకుని, "అమ్మీ, ఇది ఆ మాత్ర కాదే. ఇది ఏసుకుంటే నిద్దరొస్తాది. మొన్నటిది ఏటో గాని, అదే ఇయ్యి" అన్నారు.

అక్క చేతిలోని గరిటె ఆగిపోయింది.

అత్తయ్యగారి అనుభవానికి పెద్ద చరిత్రే ఉంది. 1948లో అమెరికాలోని మేయో క్లినిక్‌లో, కీళ్ళవాతంతో కదలలేని ఒక స్త్రీకి కార్టిసోల్ జాతికే చెందిన కార్టిసోన్ ఇస్తే కొద్ది రోజుల్లోనే లేచి నడిచింది; ఫిలిప్ హెంచ్, ఎడ్వర్డ్ కెండల్, తడ్యూస్ రైక్‌స్టైన్‌లకు 1950లో నోబెల్ బహుమతి కూడా వచ్చింది. అయితే ఆ మందును అలాగే వాడుతూ పోయినవారికి మొహాలు గుండ్రబడటం, ఎముకలు గుల్లబారటం, చక్కెర పెరగటం త్వరలోనే బయటపడింది. డాక్టరుగారు అత్తయ్యగారికి చక్కెర పరీక్ష చేయించి, ఒక్క మాత్రతో ప్రమాదమేమీ లేదని తేల్చారు. కాని ఇదే మాత్రను మోకాళ్ళ కోసం రోజూ మింగితే కొడుకు భయపడుతున్న జబ్బు తల్లికి వస్తుందనీ, అధివృక్క గ్రంథులు పని మరిచిపోతాయనీ, అప్పుడు మందు హఠాత్తుగా మానితే ప్రాణం మీదికి వస్తుందనీ చెప్పారు. అత్తయ్యగారు అంతా శ్రద్ధగా విని, "అయితే వారానికోటి?" అని అడిగారు.

రెండోసారి పరీక్షకు అక్క డెక్సామెథాసోన్‌ను బీరువాలో పెట్టి తాళం వేసింది. పదకొండయ్యేసరికి తాళంచెవి కనబడలేదు. వంటింట్లో డబ్బాలన్నీ బోర్లించారు, దేవుడి గూట్లో పటాలు కదిపారు, పక్కింటివాళ్ళను కూడా లేపారు. ఆ సమయంలో మా అందరి రక్తం తీసి ఉంటే ఏ అంకెలు వచ్చేవో గాని, తీసేవాళ్ళు లేకపోయారు. చివరికి తాళంచెవి, గుర్రుపెట్టి నిద్రపోతున్న అత్తయ్యగారి బొడ్డులో దొరికింది. మందు చేతికందేటప్పటికి పదకొండున్నర. పదకొండుకూ పన్నెండుకూ మధ్య ఎప్పుడైనా పరవాలేదని డాక్టరుగారు ఫోనులో అభయమిచ్చాక గాని బావగారు మింగలేదు.

ఈసారి అంకె ఒకటి కూడా దాటలేదు. జబ్బు లేదన్నారు. బావగారు రిపోర్టును మడిచి జేబులో పెట్టుకుని, తన పొట్ట వైపు ఒకసారి చూసుకుని, కుర్చీని డాక్టరుగారికి కాస్త దగ్గరగా జరుపుకున్నారు.

"మరి థైరాయిడ్ సంగతి ఏమంటారు?"