గుడ్ల ఇన్‌చార్జి గారి నాయకత్వ పటిమ

మా ఆదోని వైపు హైస్కూళ్లకు మహర్దశ పట్టింది. ఇకపై బడిని హెచ్ఎం ఒక్కరే నడపరట, నాయకత్వాన్ని అందరికీ పంచుతారట, స్టాఫంతా నాయకులేనట. బడి నాయకత్వం నేర్పడానికి ఢిల్లీలో 2012 నుంచి ఒక జాతీయ కేంద్రమే ఉంది కాబట్టి సంగతి చిన్నదేమీ కాదు. నిజానికి పెద్దలు చెప్పిందాంట్లో తప్పూ లేదు: పాఠం చెప్పేవాడి మాటకు బడి నిర్ణయాల్లోనూ చోటుండాలన్నారు. అది ఆదోని చేరేలోపు దారిలో మాట జారిపోయి చాకిరీ మాత్రం భద్రంగా దిగింది.

పంపకాల మీటింగ్ చూసి తరించాలి. "ఇది మన బడి, మీరే లీడర్లు" అంటూ హెచ్ఎం గారు కాగితం తీశారు. లెక్కల సార్‌కు మధ్యాహ్న భోజనం గుడ్లు. సోషల్ మేడంకు మరుగుదొడ్ల శుభ్రత. హిందీ సార్‌కు రాగిజావ, చిక్కీ. మిగిలినవన్నీ పీఈటీకి, ఆయనెలాగూ ఖాళీయే కదా! తెలుగు సార్ అమాయకంగా అడిగారు.

"టైంటేబుల్ ఎవరేస్తారు సార్?"

"అది నేను చూసుకుంటా."

"గ్రాంటు ఖర్చు?"

"అదీ నేనే."

"సైన్సు బీరువా తాళం?"

హెచ్ఎం గారి చెయ్యి తనంతట తానే జేబు మీదికి పోయింది. "ఏందప్పా, నామీద నమ్మకం లేదా?"

గుడ్ల నాయకత్వం ఆషామాషీ కాదు. ట్రేలు దిగగానే లెక్కపెట్టాలి, పగిలినవి పక్కన పెట్టాలి, గోలీల్లాంటివి వస్తే సప్లయర్‌తో పోట్లాడాలి, ఎందరు తిన్నారో యాప్‌లో ఎక్కించాలి. సిగ్నల్ లేకపోతే మేడెక్కాలి. కింద పదో తరగతి బోర్డు మీద త్రికోణమితి సగంలో ఆగి ఉంటుంది. ఇంతా చేసి, కుళ్లిన గుడ్డు పారేసే అధికారం ఆ నాయకుడికి లేదు, హెచ్ఎం సంతకం కావాలి. ఎంఈఓ గారొచ్చి భేష్ అంటే అది హెచ్ఎం గారి దక్షత. మొహం చిట్లిస్తే తిలాపాపం తలా పిడికెడు. ఆ రోజు మాత్రం నాయకత్వాన్ని నిజంగానే పంచుతారు, మెమోల రూపంలో.

మధ్యాహ్న భోజనం పనులకు టీచర్ల సమయం కనీస స్థాయిని మించి వాడొద్దని 2020 జాతీయ విద్యా విధానం చెబుతోంది. ఆ పేజీ చదివే ఇన్‌చార్జిని ఇంకా వేసినట్టు లేరు. ఏకోపాధ్యాయ బడులే నయం, అక్కడ సార్ తన బాధ్యతలు తనకే పంచుకుని తనతోనే మీటింగ్ పెట్టుకోవచ్చు.

ఇంతవరకూ నవ్వుకున్నాం, సరే. కోసిగి, కౌతాళం, పెద్దకడబూరు పల్లెల నుంచి ఏటా జనం గుంటూరు వైపు సుగ్గికి, అంటే కూలి వలసకు, పోతారు, పత్తి తీయడానికి, మిరప కోయడానికి. పిల్లల్నీ వెంట తీసుకుపోతారు. ఏడో తరగతి పిల్ల బడికి రావడం మానేస్తే అడిగే ఇన్‌చార్జి ఎవరు? గుడ్డుకున్నాడు, మరుగుదొడ్డికున్నాడు, పిల్లకు లేడు! లారీ కదలకముందే పోయి తల్లితో మాట్లాడి, ఆ పిల్లను వలసపోయేవాళ్ల పిల్లల కోసం పెట్టే సీజనల్ హాస్టల్లో చేర్పిద్దామని క్లాస్ టీచర్ ఒక పూట పర్మిషన్ అడిగితే, "మీకెందుకు సార్, బడులన్నీ తిరిగే సీఆర్పీ ఉన్నాడు, చూసుకుంటాడులే, ముందు గుడ్ల లెక్క అప్‌లోడ్ చేయండి" అంటారు. అలా అనడానికి సిగ్గుండాలి. ఆ పిల్ల పేరు హాజరుపట్టీలో ఉంటుంది, చేతులు మిరపచేలో మండుతుంటాయి. పంచదలిస్తే ఆ ఒక్క పూట పర్మిషన్ పంచండి. గుడ్లు మీరే లెక్కపెట్టుకోండి.