అల్సర్ కారంతో రాదు, పాలతో పోదు

"అల్సర్‌కి కారణం కారం, టెన్షన్. రోజూ చల్లటి పాలు తాగండి, మందులక్కర్లేదు." ఈ మెసేజ్ మా చుట్టాల గ్రూపులోకి మళ్లీ వచ్చింది. ఈ మాటే నమ్మి మా నాన్నకు రెండేళ్లు ఆవకాయ మాన్పించాం. అర్ధరాత్రి కడుపులో మంట మాత్రం మానలేదు. అందుకే ఊరుకోలేక రాస్తున్నాను.

ముందు కారం. ఉన్న పుండు మీద కారం పడితే మండుతుంది, నిజమే. పుండు పెట్టేది మాత్రం ఎక్కువ మందిలో హెలికోబాక్టర్ పైలోరి అనే మెలికల బ్యాక్టీరియా. లేదంటే మోకాళ్ల నొప్పులకని నెలల తరబడి మింగే డైక్లోఫెనాక్ లాంటి మాత్రలు. కడుపులోని యాసిడ్‌లో ఏ క్రిమీ బతకదని ఒకప్పుడు డాక్టర్లే అనుకునేవారు. ఈ బ్యాక్టీరియా మాత్రం కడుపులో ఉండే యూరియాను అమ్మోనియాగా మార్చి, తన చుట్టూ ఉన్న యాసిడ్‌ను విరిచేసుకుంటుంది. నాన్నకు ఎండోస్కోపీ చేసినప్పుడు కడుపు పొర నుంచి బియ్యపు నూకంత ముక్క తీసి యూరియా కలిపిన పసుపు జెల్‌లో పెట్టారు. కాసేపటికి నర్సు తెచ్చి చూపిస్తే జెల్ గులాబీ రంగుకు తిరిగి ఉంది. ఆ రంగు మార్చింది ఈ అమ్మోనియానే.

ఇక టెన్షన్. అది బాధను పెంచొచ్చు. కానీ పుండుకు మూలం అది కాదు. ఒకప్పుడు డాక్టర్లూ టెన్షనే కారణమనుకునేవారు, అందుకే ఆస్ట్రేలియాలోని పెర్త్‌లో రాబిన్ వారెన్, బ్యారీ మార్షల్ అనే ఇద్దరు డాక్టర్లు ఈ బ్యాక్టీరియా సంగతి చెబితే చాలామంది వైద్యులు నమ్మలేదు. 1984లో మార్షల్ ఆ బ్యాక్టీరియా పెంచిన ద్రవాన్ని తానే తాగేశారు. కొద్ది రోజులకే వాంతులు, కడుపు పొరకు వాపు. 2005లో ఇద్దరికీ నోబెల్ వచ్చింది.

పాలు తాగితే కాసేపు హాయిగానే ఉంటుంది. తర్వాత అవే యాసిడ్‌ను ఇంకా ఊరిస్తాయి.

"మందులక్కర్లేదు" అన్నదే నాకు భయం వేసే మాట. ఈ బ్యాక్టీరియా ఉన్నవాళ్లలో చాలామందికి ఏ బాధా ఉండదు. అయినా 1994లోనే ప్రపంచ ఆరోగ్య సంస్థ క్యాన్సర్ విభాగం దీన్ని క్యాన్సర్ కారకాల్లో చేర్చింది. శ్వాస పరీక్షతోనో మల పరీక్షతోనో తెలిసిపోతుంది. ముందు రెండు వారాలు గ్యాస్ మాత్ర ఆపాలి, లేకపోతే ఉన్నది కూడా దొరక్కపోవచ్చు. యాంటీబయాటిక్స్‌తో కోర్సు సాధారణంగా 14 రోజులు. నాన్న అయిదో రోజే "తగ్గిందిగా" అని ఆపబోయారు. అమ్మ క్యాలెండర్‌లో టిక్కులు పెట్టి మరీ మింగించింది. సగంలో ఆపితే బ్యాక్టీరియా మొండికేస్తుంది, డాక్టర్ చీటీ లేకుండా మందులషాపులో అడిగి కొన్నా అంతే. కోర్సు అయ్యాక నాలుగు వారాలు ఆగి, పోయిందో లేదో మళ్లీ పరీక్ష చేయించాలి.

మలం తారులా నల్లగా వచ్చినా, వాంతిలో రక్తం కనిపించినా పాల గ్లాసు పక్కన పెట్టి ఆ పూటే ఆస్పత్రికి తీసుకెళ్లండి.